కొత్తది ఎంత కొత్తగా ఉండాలి?

మీర్జాపూర్‌లో ఇత్తడి పళ్లేలను పట్టి ఉంచే ఒక సాధనం. డెట్రాయిట్‌లో వాన చినుకులను ఆగి ఆగి తుడిచే మరొక సాధనం. ఈ రెండింటి గురించి రెండు దేశాల న్యాయస్థానాలు ఒకే ప్రశ్న వేశాయి. జవాబు మాత్రం రెండు చోట్లా రెండు విధాలుగా వచ్చింది.

ఉత్తరప్రదేశ్‌లో గంగానది ఒడ్డున ఉన్న మీర్జాపూర్ తివాచీలకు, ఇత్తడి పాత్రలకు పేరు పొందిన పట్టణం. మూసలో నుండి వెలువడిన పళ్లెం గరుకుగా, కాంతిహీనంగా ఉంటుంది. దానిని లేత్ యంత్రానికి బిగించి, వేగంగా తిప్పుతూ, పదునైన పనిముట్టుతో పైపొరను గీకివేస్తే గాని లోహపు వన్నె బయటపడదు. పనివాని నేర్పు ఎంత గొప్పదైనా, తిరుగుతున్న పాత్ర స్థిరంగా నిలవకపోతే పని సాగదు. అందువల్ల పాత్రను యంత్రానికి ఎలా బిగించాలన్నది ఆ వృత్తిలో ముఖ్యమైన సమస్య.

లోతు తక్కువగా ఉండే పాత్రలను పూర్వం లేత్‌కు ఒక వైపున మాత్రమే పట్టించేవారు. వేడికి మెత్తబడి, చల్లారగానే బిగుసుకుపోయే ఒక రకమైన జిగురుతో యంత్రపు తలభాగానికి అంటించేవారు. లేదా అక్కడ అమర్చిన దవడల నడుమ ఇరికించేవారు. రెండవ వైపున ఏ ఆధారమూ ఉండేది కాదు. పట్టు సడలితే పాత్ర యంత్రం నుండి ఊడి ఎగిరిపోయే ప్రమాదం ఉండేది. ఎదుట నిలిచి పనిచేసే మనిషికి అది ప్రాణాపాయమే.

1951లో అక్కడి హిందూస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే భాగస్వామ్య సంస్థకు చెందిన ఒక భాగస్వామి ఈ చిక్కుకు ఒక ఉపాయం ఆలోచించాడు. పాత్రను ఒక వైపున తలభాగానికి అమర్చిన దిమ్మెకు ఆనించి, రెండవ వైపు నుండి యంత్రపు తోకభాగంలోని ఇరుసుతో అదిమి పట్టాలి. అప్పుడు పాత్ర రెండు ఒత్తిళ్ల నడుమ నిలుస్తుంది. జిగురుతో పనిలేదు. పాత్రను బిగించడం, విప్పడం తేలిక. ఎగిరిపోతుందన్న భయం తగ్గుతుంది. వేగం, సౌకర్యం, భద్రత, మెరుగైన నగిషీ, ఈ నాలుగూ తమ సాధనం వల్ల చేకూరుతాయని సంస్థ చెప్పుకున్నది.

ఆ సంస్థ 1951 డిసెంబరు 13వ తేదీతో అమలులోకి వచ్చే విధంగా 1953 మే 6న పేటెంటు పొందింది. అదే పట్టణంలో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం అనే మరొక పాత్రల తయారీ సంస్థ ఉన్నది. ఆ సంస్థ తమ పద్ధతినే వాడుకుంటున్నదని పేటెంటుదారులు ఆరోపించి, దానిని ఆపించవలసిందిగా కోరుతూ దావా వేశారు.

ప్రతివాదులు ఇచ్చిన సమాధానం గమనింపదగినది. మీరు దీనిని కొత్త ఆవిష్కరణ అంటున్నారు గాని, ఇందులో కొత్త ఏమీ లేదు, కనుక ఆ పేటెంటునే రద్దు చేయాలి అని వారు ఎదురు కోరిక కోరారు. దానితో వ్యాజ్యం స్వరూపమే మారిపోయింది. పొరుగువాడు తన సాధనాన్ని వాడుకున్నాడా లేదా అన్నది తేలడానికి ముందు, అది తన ఆవిష్కరణేనని వాది రుజువు చేసుకోవలసి వచ్చింది.

ప్రభుత్వం చేసుకునే ఒప్పందం

పేటెంటు అంటే ప్రభుత్వం ఒకరి ప్రతిభను మెచ్చి ఇచ్చే బిరుదని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఒక బేరం వంటిది. ఆవిష్కర్త తన రహస్యాన్ని దాచుకోకుండా, ఆ వృత్తి తెలిసిన మరొకరు చదివి చేయగలిగినంత వివరంగా కాగితం మీద పెట్టాలి. అందుకు బదులుగా, పరిమితమైన కొంతకాలం పాటు ఇతరులు దానిని తయారు చేయకుండా, వాడకుండా, అమ్మకుండా అడ్డుకునే హక్కును సమాజం అతనికి ఇస్తుంది. గడువు తీరిన తరువాత ఆ విజ్ఞానం అందరి సొత్తు అవుతుంది.

ఈ బేరం న్యాయంగా ఉండాలంటే ఇచ్చే వస్తువులో విలువ ఉండాలి. అందరికీ తెలిసిన దానిని కాగితం మీద పెట్టి హక్కు అడిగితే సమాజానికి ఒరిగేది ఏమీ లేదు. పైగా నిన్నటి వరకు స్వేచ్ఛగా చేసుకుంటున్న పనికి నేడు మరొకరి అనుమతి కోరవలసి వస్తుంది. మీర్జాపూర్ వంటి చేతిపనుల పట్టణంలో ఇది ఊహాగానం కాదు. ఒకే వీధిలో పది కార్ఖానాలు ఒకే రకం లేత్‌ల మీద పనిచేస్తున్నప్పుడు, ఒక కార్ఖానా చేసుకున్న ప్రతి చిన్న సవరణకూ ఏకస్వామ్య హక్కు లభిస్తే, తక్కిన తొమ్మిది కార్ఖానాల చేతులు కట్టివేసినట్టే.

అందువల్ల చట్టం మూడు విషయాలు అడుగుతుంది. ఆ వస్తువు లేదా పద్ధతి కొత్తదై ఉండాలి. దానికి ఉపయోగం ఉండాలి. మూడవది అన్నిటికంటె కఠినమైనది: ఆ వృత్తిలో ఆరితేరిన సాధారణ పనివానికి సహజంగా తట్టేటంతటి తేలికైన మార్పు అది కాకూడదు. ఈ మూడవ దానిని కల్పనాంశం అనవచ్చు. వ్యాజ్యాలలో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతాయి. ఎందుకంటే ఏదైనా ఉపాయం తెలిసిపోయిన తరువాత, ఇందులో ఏమున్నది, ఎవరికైనా తట్టేదే కదా అనడం ఎంతో సులువు.

మూడు తీర్పులు

మీర్జాపూర్ వ్యాజ్యం అలహాబాదు హైకోర్టుకు చేరింది. ఏక న్యాయమూర్తి విచారించి, అది ఆవిష్కరణ కాదని తేల్చి, పేటెంటును రద్దు చేశారు. అప్పీలు మీద అదే కోర్టులోని ధర్మాసనం ఆ తీర్పును తిరగవేసి, పేటెంటును నిలబెట్టింది. ప్రతివాదులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. జస్టిస్ ఆర్. ఎస్. సర్కారియా, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి కూర్చున్న ధర్మాసనం 1978 డిసెంబరు 13న తుది తీర్పు వెలువరించింది. మొదటి న్యాయమూర్తి చెప్పినదే సరైనదని, పేటెంటు చెల్లదని ఆ తీర్పు సారాంశం.

దీని వెనుక తర్కం ఇది. లేత్ యంత్రం, దాని తలభాగం, తోకభాగం, వస్తువును రెండు కొసల నడుమ పట్టి తిప్పడం, ఇవన్నీ ఆ పేటెంటుకు ఎన్నో దశాబ్దాల ముందు నుండి లోకానికి తెలిసినవే. ఆ పాత సాధనాన్ని పాత్రలను గీకి నునుపు చేసే పనికి, కొద్దిపాటి మార్పుతో, అన్వయించారు. ఇది కార్ఖానాలో రోజువారీ పనిలో భాగంగా చేసుకునే సవరణ మాత్రమే. ఒక నేర్పరి పనివాని శక్తికి మించినదేదీ అందులో లేదు.

పాత వస్తువులను కలిపినంత మాత్రాన అది ఆవిష్కరణ కాకుండా పోతుందని మాత్రం న్యాయస్థానం అనలేదు. ఆ కలయిక వల్ల కొత్త ఫలితమో, కొత్త వస్తువో, మునుపటికంటె మెరుగైన లేదా చౌకైన వస్తువో లభించాలి. దానితోపాటు ఆ కలయికను ఊహించడంలో మామూలు పనితనాన్ని మించిన ఆలోచన కనిపించాలి. ఉపయోగం ఒక్కటే చాలదు. మీర్జాపూర్ సాధనం పనికి వచ్చేదే కావచ్చు, పనివానికి మేలు చేసేదే కావచ్చు. అయినా చట్టం కొలిచేది మేలును కాదు.

ఈ తీర్పు మరొక సత్యాన్ని స్పష్టం చేసింది. పేటెంటు కార్యాలయం పరిశీలించి ముద్ర వేసినంత మాత్రాన ఆ హక్కు చెల్లుబాటు అవుతుందన్న హామీ ఏదీ లేదు. 1970 నాటి పేటెంట్ల చట్టం 13వ సెక్షనులో ఈ మాట స్పష్టంగానే ఉన్నది. చేతిలో పత్రం ఉన్నా, దానిని ఎవరైనా సవాలు చేసినప్పుడు దాని బలం తేలవలసినది న్యాయస్థానంలోనే.

భారతదేశంలో కల్పనాంశాన్ని గురించి వాదించే న్యాయవాదులు నేటికీ ఈ తీర్పును ఉదాహరిస్తూ ఉంటారు. ఇత్తడి పళ్లేలను గురించిన ఆ తగవు మందుల సంస్థలకూ, ఎలక్ట్రానిక్ పరిశ్రమలకూ కొలబద్ద అయినది.

డెట్రాయిట్‌లో అదే ప్రశ్న

మీర్జాపూర్ తీర్పు వెలువడిన 1978లోనే, అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మరొక ఆవిష్కర్త ఒక మహాసంస్థ మీద దావా వేశాడు. అతని పేరు రాబర్ట్ కెర్న్స్. ఇంజనీరింగు ఆచార్యుడు. 1953లో తన పెళ్లినాటి రాత్రి షాంపేన్ సీసా మూత ఎగిరివచ్చి తగలడంతో ఎడమ కంటి చూపు దాదాపు పోగొట్టుకున్నాడు. ఒక జడివానలో కారు నడుపుతూ, ఎదుటి అద్దం మీద ఎడతెగకుండా కదిలే తుడుపు కర్రల వల్ల చికాకు పడిన అతనికి మనిషి కనురెప్ప గుర్తుకు వచ్చింది. రెప్ప ఎడతెగకుండా ఆడదు. ఆగి ఆగి ఆడుతుంది. కారు అద్దాన్ని కూడా అలా తుడవలేమా?

రెసిస్టరు, కెపాసిటరు, ట్రాన్సిస్టరు అనే మూడు సామాన్య విద్యుత్ పరికరాలతో అతడు ఒక వలయం కూర్చాడు. కెపాసిటరులో విద్యుత్తు నిండడానికి పట్టే వ్యవధియే తుడుపుకూ తుడుపుకూ నడుమ విరామం. ఆ వ్యవధిని పెంచవచ్చు, తగ్గించవచ్చు. 1963లో తన ఫోర్డు కారులోనే దీనిని అమర్చి, ఫోర్డు సంస్థ ఇంజనీర్లకు చూపించాడు. 1964 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1967లో పేటెంటు లభించింది. మొదట ఉత్సాహం చూపిన సంస్థ దరిమిలా అతనితో సంబంధం తెంచుకున్నది. 1969లో ఆగి ఆగి తుడిచే సాధనంతో ఫోర్డు కార్లు విపణిలోకి వచ్చాయి. తరువాతి సంవత్సరాలలో తక్కిన తయారీదారులు కూడా అదే మార్గం పట్టారు.

న్యాయస్థానంలో సంస్థలు చేసిన వాదన మీర్జాపూర్ ప్రతివాదుల వాదనను తలపిస్తుంది. ఇవన్నీ పాత పరికరాలే, వీటిని కలపడం ఏ ఇంజనీరుకైనా తోచేదే, కనుక ఈ పేటెంట్లు చెల్లవు అని వారు వాదించారు. 1990లో జ్యూరీ ఆ వాదనను తోసిపుచ్చింది. కెర్న్స్ పేటెంట్లు చెల్లుతాయని, ఫోర్డు వాటిని ఉల్లంఘించిందని, అయితే ఆ పని బుద్ధిపూర్వకంగా చేయలేదని తీర్మానించింది. చివరకు ఫోర్డు 1 కోటి 2 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. క్రిస్లర్ సంస్థ మీద వేసిన దావాలో కెర్న్స్ తన వాదనను తానే వినిపించుకుని, 1992లో గెలిచాడు. ఆ సంస్థ అమ్మిన సుమారు 1 కోటి 25 లక్షల వాహనాలకు, వాహనానికి 90 సెంట్ల వంతున జ్యూరీ పరిహారం లెక్కకట్టింది. 1995లో అమెరికా సుప్రీంకోర్టు క్రిస్లర్ వినతిని స్వీకరించడానికి నిరాకరించిన తరువాత, వడ్డీతో కలిపి అతనికి ముట్టినది దాదాపు 3 కోట్ల డాలర్లు.

రెండు వ్యాజ్యాలలోనూ భాగాలు పాతవే. మరి తేడా ఎక్కడ వచ్చింది? లేత్ రెండు కొసల నడుమ వస్తువును పట్టడం లోకంలో అప్పటికే ఉన్న పద్ధతి. అది మరొక వస్తువుకు అన్వయమైనది. కెర్న్స్ వాడిన పరికరాలు దుకాణాలలో దొరికేవే అయినా, వాటిని ఆ క్రమంలో కూర్చి, ఆ పనిని అంత సమర్థంగా చేయించిన వలయం అంతకుముందు లేదని జ్యూరీ నమ్మింది. మరొక న్యాయస్థానం, మరొక జ్యూరీ అయితే వేరే విధంగా తలచి ఉండేదా అన్నది చెప్పడం కష్టం. కల్పనాంశాన్ని తూచడానికి తక్కెడ లేదు. ఆ నాటికి ఏమి తెలుసు, ఎవరికి తెలుసు అన్న సాక్ష్యం మీదనే తీర్పు ఆధారపడుతుంది.

గడియారం ఆగదు

ఓడినవారికీ గెలిచినవారికీ సమానంగా జరిగిన నష్టం ఒకటి ఉన్నది. అది కాలం.

మీర్జాపూర్ పేటెంటు 1911 నాటి చట్టం కింద మంజూరైనది. నాడు పేటెంటు ఆయువు 16 సంవత్సరాలు. 1951 డిసెంబరు నుండి లెక్కిస్తే అది 1967 డిసెంబరులో ముగుస్తుంది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 1978లో. అంటే, పేటెంటుదారులు గెలిచి ఉన్నా, పొరుగువారిని ఆ పద్ధతి వాడవద్దని శాసించే అధికారం అప్పటికే కాలగర్భంలో కలిసిపోయి ఉండేది. 11 సంవత్సరాల కిందట ఆయువు తీరిన హక్కు గురించి దేశపు అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పవలసి వచ్చింది.

కెర్న్స్ అనుభవం కూడా ఇటువంటిదే. నాటి అమెరికా చట్టం ప్రకారం మంజూరైన నాటి నుండి 17 సంవత్సరాలు. 1967లో లభించిన పేటెంటు 1984లో ముగిసింది. ఫోర్డు మీద వేసిన దావా విచారణకు వచ్చింది 1990లో. తన సాధనాన్ని తానే తయారుచేసి కార్ల సంస్థలకు సరఫరా చేయాలన్నది కెర్న్స్ చిరకాల వాంఛ. డబ్బుకంటె ఆ హక్కునే అతడు ఎక్కువగా కోరుకున్నాడు. గడువు తీరిన పేటెంటుతో ఎవరినీ ఆపలేరు. అందువల్ల అతనికి దక్కింది పరిహారం ఒక్కటే. ఈ పోరాటంలో అతని ఆరోగ్యం చెడింది. దాంపత్యం విచ్ఛిన్నమైంది. తక్కిన కార్ల సంస్థల మీద వేసిన దావాలు, అతడు గడువులోగా పత్రాలు దాఖలు చేయకపోవడం వల్ల కొట్టివేతకు గురి అయినవి. 2005లో అతడు మరణించాడు.

దీని నుండి తేలేదేమంటే, పేటెంటు దానంతట అది ఎవరినీ కాపాడదు. అది న్యాయస్థానానికి వెళ్లడానికి దొరికే అర్హత. ఆ అర్హతకు ఒక గడువు ఉన్నది. వ్యాజ్యంలో ఎంత కాలం గడిస్తే అంత మేరకు హక్కు కరిగిపోతుంది. కనుక తగవు వచ్చిన తరువాత వాదించడంకంటె, తగవు రాక ముందే పత్రాన్ని దృఢంగా రాయించుకోవడం మేలు.

పత్రంలో ఏముండాలి

భారతదేశంలో నేడు అమలులో ఉన్నది 1970 నాటి పేటెంట్ల చట్టం. 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చిన ఆ చట్టానికి 1999, 2002, 2005 సంవత్సరాలలో ముఖ్యమైన సవరణలు జరిగాయి. దీనికి పునాది వేసినది జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక. ఆనాడు భారతదేశంలోని పేటెంట్లలో 80 నుండి 90 శాతం వరకు విదేశీయుల చేతుల్లో ఉన్నాయని ఆయన ఎత్తి చూపారు. ఇప్పుడు పేటెంటు ఆయువు దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాలు. కల్పనాంశం అంటే ఏమిటో సవరించిన చట్టమే నిర్వచిస్తున్నది: ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతికంగా ముందడుగు కావాలి, లేదా ఆర్థిక ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. ఆ వృత్తి నెరిగినవానికి అది సులభంగా తోచేది కాకూడదు.

ఆవిష్కర్త మొదట చేయవలసిన పని వెతకడం. తన ఆలోచన వంటిది ప్రపంచంలో ఎక్కడైనా, ఏ భాషలోనైనా అచ్చయి ఉన్నదా అని చూడాలి. పాతదని రుజువు చేసే కాగితం ఒక్కటి దొరికినా పేటెంటు కూలిపోతుంది. 1995లో అమెరికాలో గాయాలు మాన్పడానికి పసుపును వాడే పద్ధతి మీద ఒక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు లభించింది. మన ఇళ్లలో అమ్మమ్మలకు తెలిసిన ఆ వైద్యాన్ని గురించి భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథాల నుండి ఆధారాలు సేకరించి సమర్పించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. అందరికీ తెలుసునన్న మాటతో ఆ హక్కు పోలేదు. తెలుసునని చూపించే లిఖిత సాక్ష్యం వల్ల పోయింది.

రెండవది మౌనం. దరఖాస్తు వేయక ముందే సంతలో అమ్మినా, పత్రికలో ప్రకటించినా, కొనుగోలుదారులకు బహిరంగంగా చూపించినా, అది కొత్తది కాదన్న వాదనకు ఆవిష్కర్త తానే సాక్ష్యం సమకూర్చినవాడవుతాడు. చట్టం కొన్ని సందర్భాలలో మినహాయింపులు ఇస్తుంది గాని, అవి ఇరుకైనవి. ఒక సంస్థకు చూపించక తప్పకపోతే, ముందుగా గోప్యతా ఒప్పందం మీద సంతకం తీసుకోవడం క్షేమం. పరిశోధన పూర్తి కాకపోయినా తాత్కాలిక స్పెసిఫికేషన్ దాఖలు చేసి తేదీని దక్కించుకోవచ్చు. 12 నెలలలోగా సంపూర్ణ స్పెసిఫికేషన్ సమర్పించాలి. భారతదేశంలో నివసించేవారు ముందుగా ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగకుండా, అనుమతి అయినా పొందకుండా విదేశాలలో దరఖాస్తు వేయరాదు.

మూడవది క్లెయిములు. ఏది తనదో ఆవిష్కర్త చెప్పుకునే వాక్యాలు ఇవి. పొలం సరిహద్దు రాళ్ల వంటివి. మరీ విశాలంగా పాతితే పొరుగువారి పాత పొలం అందులోకి వచ్చి, హక్కు మొత్తం చెల్లకుండా పోతుంది. మరీ ఇరుకుగా పాతితే, చిన్న మార్పు చేసి ఎవరైనా పక్క నుండి దాటిపోతారు. కొత్తదనం ఎక్కడ ఉన్నదో స్పెసిఫికేషన్‌లో చెప్పకుండా, వ్యాజ్యం నడిచేటప్పుడు నోటితో చెప్పుకుంటే దానికి విలువ లేదు.

ఇది ఎవరి సొత్తు అన్న ప్రశ్నను కూడా ముందే తేల్చుకోవాలి. కార్ఖానాలో జీతానికి పనిచేసే ఇంజనీరు కనిపెట్టినది అతనిదా, యజమానిదా? ఇద్దరు భాగస్వాములు విడిపోతే పేటెంటు ఎవరికి చెందుతుంది? చట్టం ప్రకారం దరఖాస్తు చేసే అర్హత అసలు ఆవిష్కర్తకు గాని, అతని నుండి హక్కు పొందినవారికి గాని ఉంటుంది. ఆ బదిలీ లిఖితంగా ఉండాలి. స్నేహంగా ఉన్న రోజుల్లో రాసుకోని కాగితం విరోధం వచ్చిన రోజున దొరకదు.

ఖర్చు చూసి వెనుకాడే చిన్న ఆవిష్కర్తలకు నిబంధనలు కొంత ఊరట కల్పిస్తున్నాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేసే వ్యక్తులకు, చిన్న సంస్థలకు, అంకుర సంస్థలకు ప్రాథమిక రుసుము 1,600 రూపాయలు. పెద్ద సంస్థలకు 8,000 రూపాయలు. పరీక్షకు, ఆపైన మూడవ సంవత్సరం నుండి ఏటేటా పునరుద్ధరణకు రుసుములు వేరు. అవి కట్టకపోతే హక్కు రాలిపోతుంది. కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నై నగరాలలో పేటెంటు కార్యాలయాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారి దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

అన్నిటికీ పేటెంటే మందు కాదు

తమ వస్తువుకు పేటెంటు రాదని తేలిన తయారీదారు నిరాశ పడనక్కరలేదు. పాత్రకు కొత్త ఆకృతిని, అందాన్ని కల్పిస్తే, 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుని 10 సంవత్సరాలు, పొడిగించుకుంటే మరి 5 సంవత్సరాలు కాపాడుకోవచ్చు. పాత్ర మీది గుర్తు, పేరు 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద నమోదైతే, పదేళ్లకొకసారి పునరుద్ధరించుకుంటూ ఎన్నాళ్లయినా నిలుపుకోవచ్చు. విప్పి చూసినా ఇతరులకు అంతుపట్టని మిశ్రమమో, పాకమో అయితే, బయటపెట్టకుండా వ్యాపార రహస్యంగా ఉంచుకోవడమూ ఒక మార్గమే. రహస్యానికి గడువు లేదు. అయితే పొరుగువాడు న్యాయమార్గంలో స్వయంగా కనిపెడితే దానికి రక్షణ కూడా లేదు.

పోటీ సంస్థకు వచ్చిన పేటెంటు అన్యాయమని తోచినవారికి కూడా చట్టం దారులు తెరిచే ఉంచింది. మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చు. మంజూరు ప్రకటన వెలువడిన సంవత్సరంలోగా, ఆసక్తి గలవారు వ్యతిరేకించవచ్చు. ఆ తరువాత హైకోర్టులో రద్దు కోరవచ్చు. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం సంస్థవలె, తనపై దావా వచ్చినప్పుడు ఎదురు కోరిక కోరనూవచ్చు. మీర్జాపూర్‌లో ఆ దారి వల్ల లబ్ధి పొందినది ఒక్క ప్రతివాది మాత్రమే కాదు. పాత్రను రెండు కొసల నడుమ పట్టి తిప్పుకునే స్వేచ్ఛ ఆ వృత్తిలోని అందరికీ నిలిచింది.

ఆవిష్కర్తకు ఈ తీర్పు కఠినంగా తోచవచ్చు. పనివాని ఒంటికి దెబ్బ తగలకుండా చూసిన మనిషికి చట్టం ఏమీ ఇవ్వలేదే అనిపించవచ్చు. కాని అదే కొలబద్ద రేపు ఏ మహాసంస్థ అయినా చిన్న కార్ఖానా వాడుక పద్ధతి మీద ఏకస్వామ్యం కోరినప్పుడు ఆ కార్ఖానాకు అండగా నిలుస్తుంది. కొలబద్ద ఎత్తుగా ఉండడం వల్లనే దానిని దాటిన వాటికి విలువ వస్తుంది. దాటగలనన్న నమ్మకం ఉన్నవారు చేయవలసినదల్లా, ఆ నమ్మకానికి ఆధారమేమిటో దరఖాస్తు వేసే నాడే, స్పష్టమైన మాటలలో, కాగితం మీద పెట్టడం.